ఒక్క మాట కోసం లేచి నిలబడిన దుర్గాబాయి

దేశమంతటికీ వర్తించే చట్టాలు ఢిల్లీలో పార్లమెంటులో తయారవుతాయి. ఊళ్ళో పెద్దమనుషులు చెప్పే తీర్పు ఆ ఊరి వరకే. పార్లమెంటు చేసే చట్టం అలా కాదు. అది మామూలుగా దేశమంతటికీ ఒకటే. కలెక్టరుకూ అదే, కూలికి పోయే మనిషికీ అదే.

చట్టం ఒక్క రోజులో తయారు కాదు. ముందు చిత్తుప్రతి రాస్తారు. దాన్ని సభలో పెడతారు. సభ్యులు ప్రతి మాటా చూస్తారు. "ఈ మాట తీసెయ్యండి, దీని బదులు ఈ మాట పెట్టండి" అని ఏ సభ్యుడైనా, సభ్యురాలైనా అడగవచ్చు. దీన్ని సవరణ అంటారు. అడిగినవాళ్ళు లేచి నిలబడి, ఎందుకు మార్చాలో చెప్పాలి. కొందరు ఔనంటారు, కొందరు కాదంటారు. ఇదే చర్చ. చివరకు ఎక్కువమంది ఎటు ఉంటే అటు.

ఒక్క మాట కోసం ఇంత గొడవ ఎందుకు అనిపించవచ్చు. ఎందుకో తెలియాలంటే దుర్గాబాయి గురించి తెలుసుకోవాలి.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. కాపురానికి పంపే వయసు వచ్చేసరికి, తాను వెళ్ళనని చెప్పేశారు. ఇంట్లోవాళ్ళు ఆమె మాట విన్నారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. జైల్లో చదువు రాని ఆడ ఖైదీలను చూశారు. చట్టం ఏం చెబుతుందో వాళ్ళకు తెలియదు. కోర్టులో ఏం చెప్పుకోవాలో తెలియదు. అది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

జైలు నుంచి వచ్చాక ఆమె మళ్ళీ పుస్తకం పట్టారు. అప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయి. ప్రైవేటుగా మెట్రిక్ రాశారు. వాల్తేరులో బి.ఎ. ఆనర్స్ చదివారు. మద్రాసులో లా చదివారు. 1942 నాటికి ప్లీడరు చదువు పూర్తయింది. ఈలోగా మద్రాసులో ఆంధ్ర మహిళా సభ కూడా పెట్టారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను పరీక్షలకు తయారు చేయడం ఆ సభ చేసిన పనుల్లో ఒకటి.

1946లో ఆమె మద్రాసు రాష్ట్రం తరఫున రాజ్యాంగ సభకు వెళ్ళారు. రాజ్యాంగం అంటే చట్టాలకే తల్లివంటి చట్టం. అది రాయడానికి ఏర్పడిన సభ రాజ్యాంగ సభ. స్వతంత్రం వచ్చాక 1950 జనవరి దాకా అదే పార్లమెంటుగా కూడా పనిచేసింది. సభలో దాదాపు మూడు వందల మంది ఉండేవారు. వాళ్ళలో ఆడవాళ్ళు పదిహేను మంది. అవసరమైనప్పుడు అధ్యక్ష స్థానంలో కూర్చుని సభను నడిపించడానికి కొందరి పేర్లతో ఒక జాబితా ఉండేది. అందులో ఉన్న స్త్రీ దుర్గాబాయి ఒక్కరే.

ఇక ఆ ఒక్క మాట సంగతి.

1948 డిసెంబరులో గుళ్ళ గురించి చర్చ వచ్చింది. అంతకుముందు చాలా గుళ్ళలోకి కొన్ని కులాలవాళ్ళను రానిచ్చేవారు కాదు. ప్రభుత్వం చట్టం చేసి గుళ్ళను తెరిపించవచ్చు అని చిత్తుప్రతిలో రాశారు. ఎవరికి తెరిపించవచ్చు? "హిందువులలో ఏ వర్గానికైనా" అని ఉంది. పైకి చూస్తే బాగానే ఉంది. దుర్గాబాయికి మాత్రం అక్కడ ఒక సందు కనిపించింది. "ఏ వర్గానికైనా" అంటే ఒక వర్గానికి తలుపు తీసి, ఇంకో వర్గాన్ని గడప బయటే నిలబెట్టవచ్చు. అలా చేసినా రాసిన మాట తప్పినట్టు కాదు. అందుకని "అన్ని వర్గాలకూ" అని మార్చాలని ఆమె సవరణ ఇచ్చారు. సభ ఒప్పుకుంది. ఈనాటి రాజ్యాంగంలో 25వ అధికరణంలో "అన్ని వర్గాలకూ" అనే మాటే ఉంది. ప్లీడరు చదువు ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది.

అదే నెలలో మనుషులను కొనడం, అమ్మడం, వెట్టిచాకిరీ చేయించడం నిషేధించే అధికరణం మీద కూడా ఆమె మాట్లాడారు. దేవదాసీల పేరుతో ఆడపిల్లలకు జరిగే అన్యాయాన్ని సభ ముందు పెట్టారు.

1949 మే నెలలో వయసు గురించి చర్చ జరిగింది. ఇప్పుడు రాజ్యసభ అంటున్న పెద్దల సభలో చేరాలంటే కనీసం 35 ఏళ్ళు ఉండాలని ప్రతిపాదించారు. 30 చాలు అని దుర్గాబాయి సవరణ ఇచ్చారు. తెలివి వయసును బట్టి రాదు అన్నది ఆమె వాదన. అదీ నెగ్గింది. ఈనాటికీ రాజ్యసభకు 30 ఏళ్ళే.

అన్నీ నెగ్గలేదు. భాష గురించి చర్చలో ఆమె హిందుస్తానీ కావాలన్నారు. ఉత్తరాదిలో మామూలు జనం మాట్లాడే భాష అది. చిన్నప్పుడు కాకినాడలో ఆడవాళ్ళకు తానే హిందీ నేర్పిన మనిషి ఆమె. అయినా హిందీవాళ్ళు చూపిస్తున్న తొందర దక్షిణాదివాళ్ళ మనసు నొప్పిస్తోందని మొహమాటం లేకుండా చెప్పారు. సభ మాత్రం హిందీనే అధికార భాషగా తీసుకుంది. ఇంగ్లీషును ఇంకో 15 ఏళ్ళు ఉండనిచ్చింది. ఆ తర్వాత కూడా ఇంగ్లీషు పోలేదు, అది వేరే కథ.

అన్నిటికంటే పెద్ద పోరు ఆస్తి గురించి జరిగింది. ఆ రోజుల్లో హిందూ కుటుంబంలో భర్త పోతే భార్యకు పొలం మీద పూర్తి హక్కు ఉండేది కాదు. బతికినంత కాలం దాని పంట తినవచ్చు. తన ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి లేదు, ఎవరికీ రాసివ్వడానికి లేదు. ఆమె పోతే అది భర్త వైపు వారసులకు పోయేది. కొడుకులున్న ఇంట్లో కూతురికి వాటా లేదు. దీన్ని మార్చడానికి న్యాయ మంత్రి అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు తెచ్చారు. కుటుంబాలు ముక్కలైపోతాయని, అన్నాచెల్లెళ్ళు కోర్టుకెక్కుతారని చాలామంది సభ్యులు అడ్డుపడ్డారు. అన్నాచెల్లెళ్ళ మధ్య ప్రేమ నిలవాలంటే చెల్లెలికి ఏమీ ఇవ్వకూడదు అన్నట్టుంది ఆ వాదన. దుర్గాబాయి బిల్లు పక్షాన నిలబడి మాట్లాడారు. ఏళ్ళు గడిచినా బిల్లు ముందుకు సాగలేదు. 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదిలేశారు. మొదటి ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. భార్యకు వచ్చిన ఆస్తి పూర్తిగా ఆమెదే అయింది. తండ్రి స్వార్జితంలో, అంటే తండ్రి సొంతంగా సంపాదించిన దానిలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికీ కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. తాతల నాటి ఆస్తిలో మాత్రం కొడుకుతో సమానం కాలేదు. ఆ తేడా ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో, పెళ్ళికాని కూతుళ్ళ వరకు పోయింది. దేశమంతటా 2005 చట్టంతో పెళ్ళయిన కూతుళ్ళకు కూడా పోయింది. అయినా పెళ్ళప్పుడు ఇచ్చిన పసుపు కుంకుమతో సరిపెట్టి, హక్కు వదులుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

ఎన్నికల్లో ఓడినా దుర్గాబాయి పని ఆపలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాదే చైనా వెళ్ళి అక్కడి కుటుంబ కోర్టులు చూశారు. భార్యాభర్తల తగాదాలు, మనోవర్తి, పిల్లల పోషణ లాంటివి మామూలు కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలగకుండా ఇక్కడా అలాంటి కోర్టులు కావాలని అడుగుతూ వచ్చారు. పార్లమెంటు ఆ చట్టం 1984లో చేసింది. అప్పటికి దుర్గాబాయి పోయి మూడేళ్ళు.