నమ్మకమే వాళ్ల పెట్టుబడి

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే నన్ను ఈమధ్య పెద్దవాళ్లు ఎక్కువగా అడుగుతున్న సంగతి ఒకటుంది: ‘‘ఫిషింగ్ అంటే ఏంది సార్? పేపర్ల రోజూ వస్తది?’’ అడగాల్సిన ప్రశ్నే. ఇంగ్లిష్‌లో మోసానికి ఉన్న మాటల పుట్టుక తెలుసుకుంటే మోసం నడిచే తీరూ తెలుస్తుంది.

మాయమాటలతో దోచేవాణ్ని ‘కాన్‌మ్యాన్’ అంటారు. కాన్ అంటే కాన్ఫిడెన్స్, అంటే నమ్మకం. న్యూయార్క్‌లో విలియం థాంప్సన్ అనేవాడు పెద్దమనిషి వేషంలో దారినపోయేవాళ్లను పాత పరిచయస్తుడిలా పలకరించేవాడు. ‘‘నన్ను నమ్మి మీ గడియారం రేపటిదాకా ఇవ్వగలరా?’’ అని అడిగి, ఇచ్చినవాళ్ల గడియారంతో ఉడాయించేవాడు. 1849లో దొరికిపోయాక పత్రికల ద్వారా ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అనే పేరు జనంలోకి వచ్చింది.

‘థగ్’ మన దేశపు మాటే. హిందీలో ఠగ్ అంటే మోసగాడు. బాటసారులతో స్నేహం కలిపి, కలిసి తిని, కలిసి నడిచి, అదను చూసి రుమాలుతో గొంతు బిగించిన ముఠాల పేరది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో వాళ్లపై రాసిన నవలతో ఇంగ్లండులో ఈ మాట బాగా వ్యాపించింది. ‘నమ్మించి గొంతు కోయడం’ అని మనం అనేది ఇలాంటిదాన్నే.

‘పాంజీ’ ఒక మనిషి పేరు. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభమని చెప్పి, కొత్తవాళ్ల సొమ్ము తెచ్చి పాతవాళ్లకు పంచాడు. ముందు చేరినవాళ్లకు డబ్బు చేతికందడంతో మిగతావాళ్లు ఎగబడ్డారు. అధిక వడ్డీ ఆశ చూపి బిచాణా ఎత్తేసే కంపెనీలది నేటికీ అదే బాట. ఇక ఫిషింగ్ అంటే గాలం వేయడం. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకే ఎర.

మా వీధిలో రిటైరైన ఒక పెద్దాయనకు వీడియో కాల్ వచ్చింది. అవతల పోలీసు యూనిఫాం, వెనక గోడకు చిహ్నం. ‘‘మీ పేరున పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి. మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం. కదలొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’’ అన్నారు. జీవితమంతా సర్కారు కొలువు చేసిన మనిషి. సర్కారు మీద ఆయనకున్న గౌరవమే ఆ మోసగాళ్లకు ఆసరా అయింది. కోడలు వచ్చి ఫోన్ కట్ చేయబట్టి డబ్బు దక్కింది. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసు అధికారీ వీడియో కాల్‌లో అరెస్టు చేసి డబ్బు పంపమనడు.

నష్టపోయినవాళ్లను చూసి ‘టోపీ పెట్టించుకున్నాడు, బురిడీ కొట్టించుకున్నాడు’ అని మనం నవ్వుతాం. ఆ నవ్వుకు జడిసి కొందరు నోరు విప్పరు. ఆలోగా సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోతుంది. మోసం జరిగిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే తిట్లు పక్కనపెట్టి, ముందు ఆ నంబరు కలపండి.