ఇంటికి తగిన వైఫై రౌటరు

రేడియో తరంగములు మన శ్రోతలకు క్రొత్తవి కావు. వైఫై రౌటరు పంపునవియు ఆ జాతివే. అయితే మీడియం వేవ్ తరంగముల పొడవు వందల మీటర్లు కాగా, వీనిది కొద్ది సెంటీమీటర్లే; కనుకనే గోడలు వీనిని సులభముగ అడ్డగించును. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు గోడలను కొంత మేలుగా దాటును గాని, ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ అక్కడ హెచ్చు. 5 గిగాహెర్ట్జ్ తరంగములకు వేగము ఎక్కువ, వ్యాప్తి తక్కువ. ఈ రెండును గలదానినే కొనవలెనని మా సలహా.

పెట్టెపై ముద్రించిన వేగమును మాత్రమే చూచి మోసపోరాదు. 2018లో వెలువడిన డబ్ల్యుపిఎ3 రక్షణ కలదా, తయారీదారు ఎన్నేండ్లు సాఫ్ట్‌వేరు సవరణలు పంపును అని అడుగవలెను. సవరణలు నిలిచిన రౌటరు గడియ లేని వీధి తలుపు వంటిది. పిల్లల పాఠములు, పెద్దల బ్యాంకు లెక్కలు ఆ వాకిటనే వచ్చిపోవును.

కొన్న పిమ్మట దానిని ఇనుప బీరువా చాటున పెట్టక, ఇంటి నడుమ ఎత్తైన చోట నుంచుడు.