ఎండ దోషమా? గ్రంథి దోషమా?

1897వ సంవత్సరము ఆగస్టు మాసమున బేగంపేట సైనిక వైద్యశాలలోని ఒక చీకటి గదిలో రొనాల్డ్ రాస్ దోమలను చీల్చి సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండిరి. ఉక్క దుర్భరముగా నుండెను. పంకా ఊపించినచో దోమల తునుకలు ఎగిరిపోవునని దానిని ఆపించివేసిరి. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. కన్ను చేర్చి చూచు కటకము మిగిలినది ఒక్కటే, అదియును బీటవారినది. ఆ నెల 20వ తేదీన ఆయనకు దోమ కడుపులో మలేరియా క్రిమి కానవచ్చెను. 1902లో నోబెల్ బహుమానము లభించినది ఈ మలేరియా పరిశోధనలకే. ఆ భవనము పాత విమానాశ్రయము చెంత నేటికిని ఆయన పేరుతో నిలిచియున్నది.

చలిదేశమున పెరిగిన శరీరము మన వేడిని ఎట్లు తాళుకొనును? అమీరుపేట, పంజగుట్టలలో కాపురముండు విదేశీయులు నేడును తొలి వేసవిలో ఈ ప్రశ్న వేయుదురు. మే మాసమున ఇచ్చట ఉష్ణమానము 40 డిగ్రీలు దాటుట వింత కాదు.

శరీరమునకు చలువపందిరి చెమటయే. ఒక లీటరు చెమట ఆవిరియగునప్పుడు సుమారు 580 కిలోకాలరీల వేడిని కొనిపోవును. ఆవిరికాక కారిపోయిన చెమటవలన ప్రయోజనము లేదు. కనుకనే వానకు ముందటి ఉక్క ఎండకంటె బాధాకరము. క్రొత్తగా వచ్చినవాని చెమటలో ఉప్పు హెచ్చు. కొలది దినములలో, మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథులు ఆల్డోస్టెరోను అను హార్మోనును అధికముగా స్రవించి ఆ ఉప్పు వృథాకాకుండ కాపాడును. మెదడు అడుగున నున్న పీయూష గ్రంథి నీటి వ్యయమును బిగబట్టును. రక్తములోని ద్రవభాగము పెరుగును. చెమట ముందుగా పట్టనారంభించును. ఈ సర్దుబాటు ఒకటి రెండు వారములలో చాలవరకు ముగియును. అయితే దినదినము కొంతసేపు వేడిలో మెలగినవానికే ఇది అబ్బును. రాత్రింబవళ్లు చల్లని గదిలో దాగియున్నవానికి అబ్బదు.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇక మీదటిది. నెల గడచి, రెండు నెలలు గడచినను ఆయాసము, నీరసము తీరకున్నచో ఏమనుకొనవలెను? ఇరుగుపొరుగువారు 'ఎండ పడలేదు, మజ్జిగ త్రాగుము' అందురు. మజ్జిగ మంచిదే. కాని నింద ఎండమీద మోపి ఊరకుండరాదు. మలేరియా అను మాటకు చెడుగాలి యని అర్థము. దోమ పట్టుబడువరకు లోకము చిరకాలము గాలినే నిందించినది.

కంఠము ముందు సీతాకోకచిలుకవలె నుండు థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినచో లోపలనే కొలిమి రాజుకొనును. ఆకలి బాగుండియు బరువు తగ్గును; గుండె దడదడలాడును; చేతివ్రేళ్లు వణకును. ఇట్టివాడు చల్లని గదిలోను చెమర్చుచుండును. అదే గ్రంథి మందగించినచో నీరసము, మలబద్ధకము, చర్మము పొడివారుట కలుగును. అందరును పంకా వేయుమనుచుండగా తానొక్కడు దుప్పటి వెదకుకొనువానిని ఈ దృష్టితో చూడవలెను.

అరుదైనను మిక్కిలి ప్రమాదకరమైనది మరియొకటి కలదు. 1855లో లండను వైద్యుడు థామస్ ఆడిసన్ వర్ణించిన వ్యాధి యది. అందు అధివృక్క గ్రంథులే క్షీణించును. ఒంట ఉప్పు నిలువదు, లేచి నిలువగనే కండ్లు తిరుగును, ఉప్పు తినవలెనను కోరిక పుట్టును, చర్మము నల్లబడును. తెల్లవాని విషయమున ఈ నలుపే మోసకారి. మిత్రులు 'ఎండకు రంగు తిరిగినది, ఇక మావాడవైతివి' అని వేళాకోళమాడుదురు! అరచేతి గీతలలోను చిగుళ్లపైనను క్రొత్తగా నలుపు దేరినచో అది ఎండ పని కాదు. చిగుళ్లకు ఎండ తగులదు గదా. ఇట్టివానికి వాంతులు పట్టుకొన్నచో గంటలలో ప్రాణముమీదికి వచ్చును.

థైరాయిడ్ సంగతి సామాన్యమైన రక్తపరీక్షతో తేలును. అధివృక్కములకు ఉదయపు వేళ రక్తము తీసి కార్టిసాలు అను హార్మోనును కొలతురు. ఒక్కొక్కప్పుడు వేరు పరీక్షయు కావలసివచ్చును. పంజగుట్టలోని నిజామ్ వైద్య విజ్ఞాన సంస్థలో ఈ గ్రంథుల వ్యాధులకు ప్రత్యేక విభాగమే కలదు. ఎండలో ఒడలు కాలిపోవుచు మాట తడబడినవాని సంగతి వేరు, అది వడదెబ్బ. పరీక్షలకై ఆగక, చల్లని నీరు పోసి విసరుచు తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

హార్మోను మందులు వాడుచు ఈ దేశమునకు వచ్చువారు మందు అసలు పేరును కాగితముపై వ్రాసి తెచ్చుకొనుట మేలు, అంగడి పేర్లు దేశదేశమునకు మారును. ఇన్సులిను వేడికి బలము కోల్పోవును. దానిని కిటికీ గూటిలోను, ఎండలో నిలిపిన కారులోను ఉంచరాదు. విద్యుత్తు పోయి చల్లనిపెట్టె ఆగినప్పుడు, సీసాలోనికి తడి చేరకుండ మూసి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నుంచినచో కొంతకాలము చెడదు.