మూడు కిలోమీటర్ల అతుకు, నడుము వంచకుండా

250 అడుగుల వెడల్పు, 400 అడుగుల పొడవు ఉన్న గోదాము కప్పును తీసుకుందాం. లక్ష చదరపు అడుగులు. అమెరికాలో ఇలాంటి చదునైన కప్పుల మీద వాననీరు దిగకుండా ఎక్కువగా టీపీఓ అనే తెల్లటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. రోలు 10 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు అనుకుంటే 25 వరసలు, వరసకు నాలుగు రోళ్లు పడతాయి. షీటు మీద షీటు ఎక్కే మేరను పక్కన పెట్టి లెక్కేసినా, నిలువునా 24 అతుకులు, 9,600 అడుగులు. రోలుకూ రోలుకూ మధ్య 75 అడ్డ అతుకులు, ఇంకో 750 అడుగులు. మొత్తం 10,350 అడుగులు. మూడు కిలోమీటర్లు దాటింది. ఇందులో ఎక్కడ ఒక్క అంగుళం అతుక్కోకపోయినా నీరు దారి చేసుకుంటుంది. లోపల చుక్క పడేది మాత్రం చాలాసార్లు ఇంకెక్కడో. అందుకే తర్వాత వెతుక్కునే కన్నా ముందే తడిమి చూడాలి.

అతికే పని వేడిగాలి యంత్రానిది. రెండు షీట్ల మధ్య వేడిగాలి ఊదుతూ, వెనకే చక్రంతో నొక్కుకుంటూ పోతుంది. కరిగి కలిసిన పట్టీ వెడల్పు కనీసం ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు ఉండాలని సాధారణ నియమం. జనరేటర్ వోల్టేజి కాస్త పడినా, షీటు మీద దుమ్మో తేమో ఉన్నా పట్టు తప్పుతుంది. పైకి చూస్తే తేడా తెలియదు. కాబట్టి అతుకు చల్లారాక, మొన మొద్దుచేసిన చిన్న పనిముట్టును దాని అంచుకు ఆనించి, లోపలికి ఒత్తుతూ ఆ చివరిదాకా లాగుతారు. మెకానిక్‌లు కాటర్ పిన్నులు లాగే కొక్కేన్నే చాలామంది మొన అరగదీసి వాడతారు. పట్టు లేనిచోట అది లోపలికి దిగుతుంది. అక్కడ గుర్తుపెట్టి బాగుచేస్తారు.

ఈ పని చేసే మనిషి భంగిమ చూడండి. పనిముట్టు జానెడు, అతుకు కాళ్ల దగ్గర. వంగాలి, లేదా మోకాళ్ల మీద పాకాలి. పని భంగిమల భారాన్ని కొలవడానికి 1993లో బ్రిటన్‌లో వెలువడిన రూలా పద్ధతిలో నడుము 20 డిగ్రీలలోపు వంగితే 2 మార్కులు, 60 దాటితే 4. మార్కులు పెరిగితే ఒంటికి ముప్పు పెరిగినట్టు. నిమిషానికి 6 మీటర్లు పాకుతాడనుకుంటే ఆ కప్పు మీద దాదాపు తొమ్మిది గంటలు వంగే ఉండాలి. పైగా చూపంతా మొన మీదే ఉంటుంది. వెనక్కి జరుగుతూ లాగేవాడికి అంచు ఎంత దూరంలో ఉందో కనబడదు.

ఆ అంచు ఎంత ప్రమాదమో అమెరికా కార్మిక గణాంకాలు చెబుతాయి. 2023లో అక్కడ నిర్మాణ రంగంలో 1,075 మంది చనిపోతే, వారిలో 421 మంది పడిపోయి, జారి, తట్టుకుని చనిపోయినవారు. వీరిలో ఎక్కువమంది ఎత్తు నుంచి పడ్డవారే. అన్ని వృత్తులూ కలిపి లక్ష మందికి 3.5 మరణాలు, కప్పు పనివాళ్లలో 51.8.

నిలబడే అతుకును తడిమి చూసే చక్రాల పనిముట్టు ఆలోచనకు ఈ వంగే భంగిమ, ఈ అంచు ప్రమాదమే ఆధారం. పొడవాటి పిడి, రెండు చక్రాలు, ఇరుసు పక్కన మొన. మనిషి నిటారుగా నిలబడి దాన్ని ముందుకు తోస్తూ నడవాలి. కానీ మొన అతుకులోకి ఎంత ఒత్తితే, అతుకు దాన్ని అంతే బలంతో పక్కకు నెడుతుంది. ఆ బలం 2 కిలోల బరువంత అనుకుందాం. షీటు మీద చక్రాల రాపిడి గుణకం 0.5 అయితే, అవి పక్కకు జారకుండా వాటి మీద కనీసం 4 కిలోల భారం ఉండాలి. ఉదయపు మంచుకు గుణకం 0.25కి పడితే 8 కిలోలు. అంత బరువు మోసుకుంటూ నిచ్చెన ఎక్కడం ఇంకో ప్రమాదం. నేనైతే 4 కిలోల దగ్గరే ఆపి, మిగతా భారం చేత్తో నొక్కమంటాను, తడి షీటు మీద పనే వద్దంటాను.

మొన ఎక్కడ ఉండాలన్నది ఇంకా ముఖ్యం. ఇరుసుకు 30 సెంటీమీటర్ల ముందు పెట్టి, పిడి పట్టు 60 సెంటీమీటర్ల వెనక ఉంటే, దారి తప్పకుండా చెయ్యి కిలో బలంతో అడ్డుకుంటూనే ఉండాలి. 10 సెంటీమీటర్లకు తెస్తే అది మూడో వంతు అవుతుంది. మూడు కిలోమీటర్ల నడకలో భుజానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. పిడి గట్టి గొట్టమై ఉండాలి. మొన దిగినప్పుడు అరచేతికి తెలియకపోతే ఈ పనిముట్టు ఎందుకూ కొరగాదు. లోపం ఎక్కడుందో గుర్తించడానికి దూరం లెక్కపెట్టే మీటరు మీద నాకు నమ్మకం లేదు. 160 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రం అరిగి, వ్యాసం ఒక్క మిల్లీమీటరు తగ్గినా 30 మీటర్లకు 19 సెంటీమీటర్ల తేడా వస్తుంది. లోపం దొరికిన క్షణమే అక్కడ గీత పడేలా ఒక మార్కర్ బిగిస్తే చాలు.

పక్క వరసల అడ్డ అతుకులు ఎదురెదురుగా రాకుండా జరిపి పరిస్తే, మూడు షీట్లు కలిసే చోట్లు ఈ కప్పు మీద 144. అక్కడ మెట్టులా ఎత్తు మారుతుంది, చక్రం ఎగురుతుంది. లోపాలకు అవకాశం ఎక్కువున్న చోట్లూ అవే. వాటిని చేత్తోనే చూడాలి.

ఇక నిబంధన. అమెరికా భద్రతా సంస్థ ఓషా నిర్వచనంలో, కప్పు పనికి వాడే చక్రాల పరికరం మోటారుతో నడిచినా మనిషి తోసినా యాంత్రిక పరికరమే. తోపుడు బండీ, తారు బండీ మాత్రమే మినహాయింపు. కాబట్టి ఈ చిన్న పనిముట్టు వచ్చిందంటే, అంచు దగ్గరపడిందని హెచ్చరించే తాడు కడితే, దాన్ని పనిముట్టు సాగే దిశకు ఎదురుగా ఉన్న అంచుకు కనీసం 10 అడుగుల ఇవతల కట్టాలి. పక్క అంచులకు 6 అడుగులు చాలు. కేవలం ఒక మనిషిని కాపలా పెట్టి పని చేయించే పద్ధతి అప్పుడు చెల్లదు.

అంటే తాడు అవతల మిగిలేవి 24 అతుకులు, రెండేసి చివర్లు, ఒక్కో చివర 10 అడుగులు: 480 అడుగులు. నిలువు అతుకుల్లో 5 శాతమే, కానీ మనుషులు పడిపోయే చోటు అదే. అందుకే పిడిని విడదీస్తే మొన చేతి పనిముట్టుగా మారేలా తయారు చేయాలి. ఆ 480 అడుగులూ మనిషి నడుముకూ భుజాలకూ బెల్టు కట్టుకుని, తాడు బిగించుకుని, అంచువైపు ముఖం పెట్టి చూడాలి. పిట్టగోడ 39 అంగుళాలకు తగ్గకుండా గట్టిగా ఉంటే ఆ తాడు అవసరం ఉండదు.