ఇంజను టకటకలాడితే ఏమి చెబుతున్నట్టు?

మట్టికుండ కొనే ఇల్లాలు దానిని వేలితో తట్టి చూస్తుంది. ఖంగుమంటే కొంటుంది, బొదబొదమంటే పక్కన పెడుతుంది. ఆగిన రైలు పక్కన పొడవాటి పిడి గల సుత్తితో నడుస్తూ, ఒక్కొక్క చక్రాన్నీ తట్టి చూసే రైల్వే ఉద్యోగి చేసిన పని కూడా ఇదే. పదిలమైన చక్రం గంటవలె మ్రోగుతుంది. బీటవారిన చక్రం గొంతు పూడిపోతుంది. ఆ తేడాను చెవి పట్టుకొనకపోతే రైలులోని ప్రాణాలకే ముప్పు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఇటువంటి విద్యలకు పుట్టినిల్లు. బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన ఈ పట్టణానికి, ఇక్కడి వర్క్‌షాపులో కొలువు కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చి, తరతరాలుగా స్థిరపడిపోయాయి. ఆవిరి ఇంజన్ల తరువాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. ఖరగ్‌పూర్ డీజిల్ షెడ్డులో మరమ్మతు పొందిన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజనుకు 16 సిలిండర్లు. ఒక్కొక్క దానికి నాలుగు చొప్పున మొత్తం 64 వాల్వులు. అన్ని చప్పుళ్లలో దారి తప్పినది ఏదో గుర్తించడానికి అనుభవంతో పాటు ఒక క్రమం కూడా కావాలి.

ఇంటి ముందున్న కారుకూ ఆ క్రమమే వర్తిస్తుంది. ఇంజను టకటకలాడగానే చాలామంది బెంబేలెత్తిపోతారు, లేదా రేడియో శబ్దం పెంచి మరచిపోతారు. రెండూ తప్పే. శబ్దం రోగం కాదు, రోగలక్షణం మాత్రమే. వైద్యుడు ప్రశ్నలు వేసినట్లే ఇంజనునూ ప్రశ్నించాలి.

మొదటి ప్రశ్న: నూనె ఉన్నదా? కారును సమతలంపై నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాల తరువాత డిప్‌స్టిక్ తీసి చూడాలి. నూనె తగ్గితే లోహం లోహాన్ని ఒరుసుకొంటుంది. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లు గల ఇంజన్లలో మొట్టమొదట మొరపెట్టుకొనేవి అవే. శబ్దంతో పాటు ఆయిలు దీపం కూడా వెలిగితే గమ్యం ఎంత దగ్గరైనా వెంటనే ఇంజను ఆపివేయాలి. కొద్దిపాటి నూనెతో పోయే దోషం, మరి కొంత దూరం నడిపితే ఇంజనునే బలిగొనవచ్చు.

రెండవ ప్రశ్న: ఎప్పుడు వస్తున్నది? ఉదయం చల్లని ఇంజనులో వినిపించి, వేడెక్కగానే మాయమయితే ఎగ్జాస్ట్ గొట్టం అతుకు వద్ద పొగ చిమ్ముతూ ఉండవచ్చు. వేడికి లోహం వ్యాకోచించి ఆ సందు మూసుకొనిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు మాత్రమే బరువైన మోత వస్తే అనుమానం కనెక్టింగ్ రాడ్ బేరింగు మీదికి పోతుంది. ఇంజనుతో నిమిత్తం లేకుండా కారు కదిలినప్పుడే వస్తే, టైరులో ఇరుక్కున్న రాయి కూడా కారణం కావచ్చు!

మూడవ ప్రశ్న: ఎంత వేగంగా కొట్టుకొంటున్నది? నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండు సార్లు తిరిగితే ప్రతి వాల్వూ ఒక్కసారి తెరుచుకొంటుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనులో ఒక టాపెట్ శబ్దం 400 సార్లు వినిపిస్తుంది. చుట్టుకొక దెబ్బ చొప్పున పడితే లోపం క్రింది భాగంలో ఉండవచ్చు.

నాలుగవ ప్రశ్న: ఎక్కడ? 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కనిపెట్టిన స్టెతస్కోపుకు బదులుగా మెకానిక్కు పొడవాటి స్క్రూడ్రైవరు వాడుతాడు. మొనను ఇంజనుకు, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి, పైన వాల్వు కవరు దగ్గర, క్రింద సంపు దగ్గర విని పోల్చుకొంటాడు. తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ బట్టలు, జుట్టు, చేతులు తగలకుండా చూసుకోవడం అత్యవసరం. నేటి కార్లలో ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు సహజంగానే టిక్కుటిక్కుమంటాయి, దానికి భయపడనక్కరలేదు.

అయితే నిశ్శబ్దమంతా ఆరోగ్యం కాదు. హిందూస్థాన్ మోటార్స్ వారు ఇదే రాష్ట్రంలోని ఉత్తర్‌పాడాలో 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్ వంటి పాత కార్లలో టాపెట్ సందును ఫీలర్ గేజుతో సరిచేస్తారు. ఆ సందు మిల్లీమీటరులో ఒక చిన్న భాగమే. ఎక్కువైతే శబ్దం. శబ్దం పోవాలని మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక, మండే వాయువుల వేడికి కాలిపోతుంది. చిక్కని నూనె పోసి మోతను అణచివేయడమూ అంతే: సాక్షి నోరు నొక్కినంత మాత్రాన నేరం మాసిపోదు.

రైల్వేలు నేడు ఇరుసులలోని పగుళ్లను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షిస్తున్నాయి. పరికరం మారినా సూత్రం మారలేదు: లోహం లోపలి సంగతిని బయటికి చేర్చేది ధ్వనే. కనుక మెకానిక్కు వద్దకు వెళ్లినప్పుడు ‘ఏదో చప్పుడు వస్తున్నది’ అని ఊరుకోకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేగంగా వస్తున్నదో చెప్పండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది. అక్కరలేని ఖర్చు కూడా తప్పుతుంది.