‘వేజర్’: తాకట్టులో పుట్టి పందెంగా మారిన మాట

పంట అమ్ముకునే రైతు కూడా ధర మీద పందెం కాస్తున్నవాడేనన్న మాట జనగామ, కేసముద్రం మార్కెట్ యార్డుల్లోనూ, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ ఎనుమాముల యార్డుకు చేరే మిర్చి బస్తాల దగ్గరా వినబడేదే. కాని చట్టం దృష్టిలో బేరం వేరు, పందెం వేరు. ఈ తేడా తెలియకపోతే రావలసిన సొమ్ముకు కోర్టుకెక్కే దారి కూడా మూసుకుపోతుంది. పందానికి ఇంగ్లీషు చట్టం వాడే మాట ‘వేజర్’. దాని పుట్టుక తెలిస్తే ఈ తేడా సులభంగా బోధపడుతుంది.

మాట పుట్టుక

ఈ మాట సుమారు 700 ఏళ్ల కిందట ఉత్తర ఫ్రాన్సు భాష ద్వారా ఇంగ్లీషులోకి వచ్చింది. అసలు అర్థం తాకట్టు, పూచీ. జీతాన్ని తెలిపే ‘వేజ్’, తనఖాను తెలిపే ‘మార్ట్‌గేజ్’ లోని ‘గేజ్’, పెళ్లిని తెలిపే ‘వెడ్డింగ్’ కూడా ఈ కుటుంబానివే. మాట ఇచ్చి, దానికి పూచీగా ఏదో ఒకటి ముందు పెట్టడమే వీటన్నిటికీ మూలం. ఉభయులూ సొమ్ము ముందు పెట్టి ఫలితం కోసం ఎదురుచూడటంతో క్రమంగా అది పందెమైంది.

మన భాషలోనూ ఇటువంటి బంధుత్వమే వున్నది. జూదంలో ఒడ్డే ‘పణం’, సరుకు అనే అర్థం గల ‘పణ్యం’, మార్కెట్టుకు వాడే ‘విపణి’ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. భాష ఒక ఇంట వుంచిన వీటిని చట్టం వేరు చేసింది.

నల్లమందు నుంచి గోధుమల దాకా

కలకత్తాలో ప్రభుత్వం జరిపే నల్లమందు వేలంలో సగటు ధర ఎంత పలుకుతుందన్న దానిపై బొంబాయి వ్యాపారులు కాసిన పందెం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అప్పటి చట్టం ప్రకారం ఆ పందెం చెల్లుతుందని 1848లో తీర్పు వచ్చింది. పందెపు ఒప్పందాలు చెల్లవంటూ ఆ ఏడాదే ఇక్కడ చట్టం చేశారు. తర్వాత 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ అదే మాట చెప్పింది. పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీలు లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మహబూబాబాద్ రైతు నెల తర్వాత 10 క్వింటాళ్ల మిర్చి, క్వింటాలు రూ.14,000 చొప్పున ఇస్తానని ఖరీదుదారుతో ఒప్పుకున్నాడు. ధర రూ.13,000కు దిగినా అది బేరమే. ఖరీదుదారు మాట తప్పితే దావా వేయవచ్చు. సరుకు లేని ఇద్దరు, సరుకు ఇచ్చి పుచ్చుకునే ఉద్దేశం లేకుండా అదే ధరపై తేడా రూ.10,000 మాత్రం చెల్లించుకునేట్టు ఒప్పుకుంటే అది పందెం. ఆ ఉద్దేశం ఇరుపక్షాలకూ వుండాలి. ఒకరి మనసులో మాత్రమే వుంటే చాలదు.

సెబీ గుర్తింపు గల ఎక్స్ఛేంజీల్లో జరిగే వాయిదా వ్యాపారానికి ప్రత్యేక చట్టరక్షణ వున్నది. 2015 నుంచి సరుకుల వాయిదా బజారు కూడా సెబీ కిందికే వచ్చింది. ఎక్స్ఛేంజీకి వెలుపల తేడా లెక్కతో సాగే ‘డబ్బా’ బేరాలకు ఆ రక్షణ లేదు.

అప్పు మిగులుతుంది

మరో చిక్కు వున్నది. హాపూర్ గోధుమల పందెపు బేరాల్లో భాగస్వాములైన ఇద్దరి తగాదాలో సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెబుతూ, పందెం చెల్లదు గాని, దానికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందం అంతమాత్రాన రద్దు కాదన్నది. నష్టమంతా తానే భరించిన భాగస్వామికి రెండవవాడు తన వాటా ఇచ్చుకోవలసి వచ్చింది. అంటే పందెంలో గెలిచిన సొమ్ముకు కోర్టు అండ లేదు. పందెం కోసం చేసిన అప్పు మాత్రం మెడకు చుట్టుకోవచ్చు.

వాన, తెగులు, ధర అనే మూడు భయాలు పత్తి, మిర్చి రైతుకు విత్తనంతోనే మొదలవుతాయి. అవి అతడు కోరి తెచ్చుకున్నవి కావు. పందెగాడు లేని భయాన్ని కొని తెచ్చుకుంటాడు. అడ్తిదారు దగ్గర పెట్టుబడికి పంటను పూచీ పెట్టిన రైతు ‘వేజర్’ తొలి అర్థానికి దగ్గర. మలి అర్థానికి కాదు. కనుక ముందస్తు బేరం చేసేవారు సరుకు, తూకం, ధర, ఇచ్చే తేదీ, ఇచ్చే చోటు కాగితం మీద రాయించుకోవడం మేలు. అవి లేని బేరంలో మిగిలేది తేడా లెక్క మాత్రమే.