పసివారి నొప్పి

అరకులోయ, పాడేరు కొండపల్లెల నుండి శస్త్రచికిత్స కోసం బిడ్డను ఎత్తుకొని దిగివచ్చే తల్లిదండ్రులకు పెద్ద ఆశ్రయం విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి. 1923లో ప్రారంభమైన ఆ వైద్యాలయం అరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఘాట్ రోడ్డు దూరం కన్న మాటల దూరం పెద్దది. ఆ బిడ్డ ఇంటిభాష కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. కువి తెలుగుకు సోదరభాషే, అయినా "ఎక్కడ నొప్పి?" అని కొత్తవారు అడిగితే అయిదేళ్ల పసివాడు బిక్కమొగం వేస్తాడు. నొప్పి లేదని దాని అర్థం కాదు.

పసికందులకు నొప్పి అంతగా తెలియదని వైద్యలోకం చిరకాలం నమ్మింది. 'వేదన' అనే పదానికి మూలమైన 'విద్' ధాతువుకు తెలియుట అని అర్థం. తెలివి రాని శిశువుకు వేదన ఎక్కడిదని అనుకొన్నారు కాబోలు! నెలలు నిండని శిశువులకు సైతం నామమాత్రపు మత్తుతోనే శస్త్రచికిత్సలు జరిగేవి. భారతదేశంలో జన్మించిన వైద్యుడు కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1987లో వెలువడి ఆ నమ్మకాన్ని కదిలించింది. ఫెంటనిల్ అనే నొప్పి మందు ఇచ్చిన శిశువుల శరీరాలు తక్కువ క్షోభపడి, మెరుగ్గా కోలుకొన్నాయి.

అయితే అటువంటి మందులు ఎక్కువైతే శ్వాస మందగిస్తుంది. రేయంతా కనిపెట్టి చూసేవారు కావాలి. అందువల్ల వైద్యులు నొప్పి వార్తను మోసే నాడిని దారిలోనే అడ్డగించే పద్ధతిని ఆశ్రయిస్తారు. హెర్నియా వంటి శస్త్రచికిత్సలలో, బిడ్డ పూర్తి మత్తులో ఉండగానే, వెన్ను చివరి త్రికాస్థి రంధ్రం గుండా సూదితో బ్యుపివకెయిన్ ఎక్కిస్తారు. దీనిని కాడల్ బ్లాక్ అంటారు. మోతాదును బరువును బట్టి లెక్కిస్తారు; సాధారణంగా కిలోకు 2.5 మిల్లీగ్రాములు మించనీయరు. మించినా, పొరపాటున రక్తనాళంలోకి పోయినా గుండె లయ తప్పగలదు.

ఈ ఉపశమనం కొన్ని గంటలదే. చిక్కంతా అక్కడే ఉంది. తిమ్మిరి విడిచే వేళ నడిరాత్రి కావచ్చు. కనుక అది విడవక ముందే బరువుకు తగిన పారాసిటమాల్ ఇవ్వాలి. మాట రాని బిడ్డ నొప్పిని ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పుకు ఊరుకోవడం అనే అయిదు గుర్తులతో, ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు మార్కులిచ్చి కొలుస్తారు. ఈ కొలతకు ఏ భాషా అక్కరలేదు. తల్లికి చెప్పవలసిన సంగతులు మాత్రం ఆమె భాషలోనే చెప్పాలి: కాళ్లకు పట్టు వచ్చేదాకా బిడ్డను నిలబెట్టరాదు, తిమ్మిరెక్కిన పాదానికి కాపడం పెట్టరాదు, బిడ్డ నిద్రపోతున్నా మందు వేళ దాటనీయరాదు.